పదకొండు చీటీలు

మా తెనాలి వైపు వాళ్ళకు మైసూరు సంస్థానమంటే దసరా ఉత్సవం, గంధపు సబ్బు. అంతకు మించి తెలియదు. అదే సంస్థానంలో బెంగళూరు దాటి ఉత్తరానికి పోతే మళ్ళీ తెలుగు వినిపిస్తుందని, అంగట్లో బేరం దగ్గర్నుంచి గట్టు తగాదా దాకా అంతా తెలుగులోనే నడుస్తుందని చెబితే నవ్వేస్తారు. నేనూ నవ్వినవాణ్ణే. నలభై ఒకటి వేసవిలో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తిరిగి వచ్చాక నా నవ్వు తగ్గింది. తిరిగి వచ్చానంటే తీర్థయాత్ర అనుకునేరు. నంది కొండ పక్కనుంచే పోయాను గానీ ఎక్కలేదు. నేను పోయింది ఒక బడిపంతులు ఉద్యోగం ఊడగొట్టడానికి.

బెంగళూరు: ఖాళీ గూడు

అప్పట్లో నేను జనాభా లెక్కల ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాని. ఈ లెక్కలు ఎలా తీస్తారో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ముందు ఊరూరా ఇళ్ళకు నంబర్లు వేస్తారు. వాకిలి పక్క గోడ మీద ఎర్రమట్టితో రాసిన ఆ నంబర్లు మీరూ చూసే ఉంటారు. తరవాత ఆ ఇళ్ళను వాటాలు చేసి ఒక్కో వాటా ఒక్కో మనిషికి అప్పగిస్తారు. అతను బడిపంతులో, ఊరి కరణమో అయ్యుంటాడు. జీతం పెరగదు, పని మాత్రం పెరుగుతుంది. అతని మీద ఒక తనిఖీదారు, తనిఖీదార్ల మీద తాలూకా అమల్దారు, అంటే మన తాసీల్దారు, అందరి మీదా మేము. ఈసారి మనిషికొక చీటీ అని కొత్త పద్ధతి పెట్టారు. పేరు, వయసు, వృత్తి, చదువు, పెళ్ళయిన ఆడమనిషి అయితే ఎందరిని కన్నది, ఎందరు మిగిలారు, అన్నీ అరచేతిలో ఇమిడే ఆ చీటీలోనే. ఊళ్ళనుంచి వచ్చిన చీటీల మూటలు విప్పి, గోడకు బిగించిన చెక్క గూళ్ళలో పేకముక్కల్లా పంచి లెక్క పెట్టడం మా పని.

మూటలు విప్పేటప్పుడు వినోదానికి లోటుండేది కాదు. నూట ముప్పై ఏళ్ళ తాత ఒకడు వచ్చాడు. వృత్తి దగ్గర "అల్లుడు" అని రాయించుకున్న పెద్దమనిషి ఒకడు వచ్చాడు. చింతామణి మూటలో ఓబులమ్మ అనే ముసలి వితంతువు తగిలింది. అరవై దాటిన మనిషికి పదకొండు మంది పిల్లలు, అందరూ రెండేళ్ళ లోపువాళ్ళే. పదకొండు చీటీల మీదా పేరు ఉండాల్సిన చోట కన్నడంలో "కూసు" అని రాసుంది, అంటే పసిబిడ్డ అని. "గాంధారికి చెల్లెలు దొరికిందిరా" అన్నాను. గదంతా నవ్వింది. తప్పుడు చీటీలు కొట్టేసే అధికారం నాకుంది. ఎర్ర పెన్సిలు తీసి పదకొండింటి మీదా అడ్డంగా గీత గీసి పక్కన పడేశాను. టిఫిను వేళకు ఆ సంగతే మరిచిపోయాను.

వారం తిరక్కుండా బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లె మూట వచ్చింది. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. రెండు వందల పైచిలుకు జనం ఉన్న ఊరది. వయసుల వారీగా పంచితే ఏడాది లోపు పిల్లల గూడు ఖాళీ. రెండేళ్ళ లోపు గూడూ ఖాళీయే. ఒక్క చంటిబిడ్డ లేని ఊరు భూమ్మీద ఎక్కడుంటుంది? మా సూపరింటెండెంటు గారు మూట తిరగేసి, "పంతులు అరుగు దిగకుండా రాశాడు" అన్నారు. దొంగ లెక్క రాసినవాణ్ణి ఒక్కణ్ణి ఇంటికి పంపితే మిగతావాళ్ళు దారికి వస్తారని ఆయన నమ్మకం. "నువ్వు తెలుగువాడివి. పోయి పంతులు చేత తప్పు ఒప్పించి కాగితం పట్టుకురా. వచ్చాక నీ పర్మనెంటు సంగతి చూద్దాం" అన్నారు. ఆ చివరి మాట నన్ను రైలెక్కించింది.

చిక్కబళ్ళాపురం: శెట్టిగారి కొలత

బెంగళూరునుంచి చిక్కబళ్ళాపురానికి పోయేది బొమ్మ రైలు. మలుపుల్లో దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కవచ్చు. నా ఎదురుగా కూర్చున్న ఒకావిడ సంచి సర్దుకుంటూ తన చంటిపిల్లను నా వైపు చాచి, "కొంచెం పట్టుకోప్పా" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ వినపడనట్టు కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన అందుకున్నాడు. నేను చంటిపిల్లల్ని ఎత్తుకోను. ఎందుకో తరవాత చెబుతాను.

చిక్కబళ్ళాపురంలో నా బస ఒక ధాన్యం వర్తకుడి ఇంట్లో. తెలుగు కోమట్లు. ఎన్ని తరాల కింద వచ్చారో ఆయనకే తెలియదు. స్టేషను దగ్గర హోటల్లో అణాకు దోసె, అర్ధణాకు కాఫీ. కాఫీ మాత్రం మా తెనాలి హోటళ్ళు సిగ్గుతో తలుపులు మూసుకోవలసినంత బాగుంది. సాయంత్రం శెట్టిగారు అంగట్లో వేరుశెనగ కొలిపిస్తుంటే పక్కన కూర్చున్నాను. కొలిచేవాడు మొదటి శేరు పోస్తూ "లాభం" అన్నాడు. తరవాత "రెండు, మూడు" అని పోయాడు. మా వైపూ కళ్ళం దగ్గర ఒకటి అనరు, లాభమనే అంటారు. ఇంత దూరం వచ్చినా మొదటి కొలత మారలేదని ముచ్చటేసింది.

నేను వచ్చిన పని విని శెట్టిగారి ముఖం ముడుచుకుంది.

"ఖానేసుమారికా, జనం లెక్కకా వచ్చినారు? జాగ్రత్తప్పా. పల్లెల్లో ఆ మాటంటే భయం. యుద్ధం జరుగుతాండాది గదా, మగపిల్లోళ్ళను రాసుకుని పోతారని ఒకటే పుకారు. పోయిన నెల ఒక ఊర్లో రాసేదానికి పోయిన శానుభోగుని, అదే మీ కరణాన్ని, బావి కాడ నీళ్ళు గూడా తాగనీలేదంట."

"నేను రాయడానికి పోవడం లేదు. రాసినవాణ్ణి పట్టుకోవడానికి పోతున్నాను" అన్నాను దర్జాగా.

"అయితే ఇంగా జాగ్రత్త" అన్నాడు శెట్టి.

బాగేపల్లి: మింగాల్సిన ముద్ద

బాగేపల్లి బస్సులో మనుషులు కింద, వక్కల మూటలు పైన, కోళ్ళు మధ్యలో. దిగేసరికి చొక్కా ఏ రంగుదో చెప్పలేని స్థితి. రాళ్ళ గుట్టలు, వాటి మీద ఎండ, ఎండ మీద ఇంకో ఎండ. పూటకూళ్ళ ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటే అన్నానికి బదులు పిడికిలంత నల్లటి రాగి సంగటి ముద్ద పడింది. పక్కన ఉలవచారు, వేరుశెనగతో నూరిన ఊరిబిండి. నేను ముద్దను తుంచి నమలడం మొదలుపెట్టాను. అది పళ్ళకు అంటుకుని నోరు తెరుచుకోలేదు.

వడ్డించే అవ్వ జాలిగా చూసింది. "నమలొద్దప్పా, మింగు. చారులో అద్ది మింగేస్తే అదే పోతాది."

మింగాను. పోయింది. నాలుగు ముద్దలయ్యాక కోస్తా అన్నం కడుపును మోసం చేస్తుందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. చేయి కడుక్కుంటుంటే అవ్వ నేను పోయే ఊరు అడిగింది. చెప్పాను.

"ఆ ఊరికా? ఆ ఊరి ఆడోళ్ళను ఏమీ అడగొద్దప్పా. రెండేండ్ల కింద జ్వరాలొచ్చి వరసగా చంటిబిడ్డలు పోయినారు. ఊరంతా తొట్లు విప్పేసినారు."

పసిపిల్లలు లేకపోవడానికి ఇదేనేమో కారణం అనుకున్నాను. కానీ రెండేళ్ళ కింద పోయిన పిల్లల తరవాత మళ్ళీ ఎవరూ పుట్టలేదా? నా అనుమానం గట్టిపడింది గానీ తగ్గలేదు.

పేరు చెప్పని ఊరు

పొద్దున్నే ఎద్దులబండిలో ఆ ఊరు చేరాను. పంతులు వెంకటరాయప్ప బడి ముందు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఉతికిన చొక్కా. నేను ఎవరో చెప్పగానే, "రండప్పా, మీరొస్తారని తెలుసు" అన్నాడు. బడి తలుపు చేరవేసి నా వెనకే బయల్దేరాడు.

ఇళ్ళ జాబితా చేతిలో పట్టుకుని ఒకటో నంబరునుంచి మొదలుపెట్టాను. మూడో ఇంట్లో గడప మీద ఒక నడివయసు ఆడమనిషి అడ్డంగా నిలబడింది.

"చంటిపిల్లలు ఎందరమ్మా?"

"లేరప్పా."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. దూలానికి కట్టిన చీర ఉయ్యాల మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

"మరి ఆ ఉయ్యాల?"

"గాలికి ఊగుతాండాది."

గాలి! చొక్కా గుండీలు విప్పుకుని ఊపిరికి వెతుక్కుంటున్న మనిషితో ఆ మాట అన్నది. అయిదో ఇంట్లో వాకిట్లో ఆరేసిన పొత్తిగుడ్డలు నన్ను చూసి ఒక ముసలమ్మ గబగబా చుట్టచుట్టి కడవలో కుక్కింది. తొమ్మిదో ఇంట్లో బాలింత పసుపు ముఖం కనిపించింది, బిడ్డ మాత్రం లేదు. వెనక దొడ్డి తలుపులు మూసుకుంటున్న చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. పిల్లలున్న ఊరు. పిల్లల్ని దాచిన ఊరు. నా వెనకే పంతులు తల వంచుకుని నడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రచ్చకట్ట మీద జాబితా పెట్టి ముఖం తుడుచుకునే లోపల ఒక మేక వచ్చి దాని మూల నమిలేసింది. పద్నాలుగో నంబరునుంచి పదిహేడో నంబరు దాకా దాని కడుపులోకి పోయాయి. ఎవరూ నవ్వలేదు. ఊరు నవ్వకపోతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పరువు పోయిందన్న కోపంలో నేను అరిచాను. "రేపు అమల్దారుతో వస్తాను. ఇల్లిల్లూ సోదా చేయిస్తాను. పిల్లల్ని దాచినవాళ్ళను కచేరీకి ఈడ్పిస్తాను."

పది పదిహేను మంది మగవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. కేకలు లేవు, తిట్లు లేవు. ఒకడు నా బండి ఎద్దులను విప్పి తోలుకుపోయాడు. తెల్లమీసాల పెద్దాయన ఒకడు ముందుకు వచ్చాడు.

"లెక్క పెట్టిన మందలోకే తోడేలు వస్తాదప్పా. మా బిడ్డలను మేము లెక్క పెట్టము. మిమ్మల్నీ పెట్టనీయము. సోదా అంటే మాత్రం ఊరుకోము."

ఆఫీసు ఎంత దూరంలో ఉందో అప్పుడు గుర్తొచ్చింది. పంతులు మా మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"తప్పు నాదప్పా" అన్నాడు నాతో. "నేను ఇండ్లకు పోకుండానే రాసినా. నా చేత రాయించుకోండి, సంతకం పెడతా. ఊరి జోలికి పోవద్దు."

సూపరింటెండెంటు గారికి కావలసిన కాగితం అదే. నా పర్మనెంటూ అదే. "పద మీ ఇంటికి, రాసిద్దువు గానీ" అన్నాను.

పంతులు ఇల్లు

ఒకటే గది. పీట మీద కూర్చుని కాగితం, కలం తీశాను. పంతులు "ఇందుమూలముగా" అని రాస్తుండగా తెరచాటున పసిబిడ్డ ఏడ్చింది. ఏడుపు కూడా కాదు, జ్వరం వచ్చిన బిడ్డ మూలుగు. నేను లేచి తెర తీశాను. అతని భార్య సుబ్బక్క ఒళ్ళో ఏడెనిమిది నెలల బిడ్డ ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. తల్లి నన్ను చూసి బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నీ ఇంట్లోనే పెట్టుకుని లేరని రాశావా? ఎవరి బిడ్డ ఇది?"

"మాది కాదప్పా" అన్నాడు పంతులు.

"మరి ఎవరిది?"

"ఓబులమ్మది."

"ఎవరా ఓబులమ్మ? యాడుంది?" కోపంలో నాకూ వాళ్ళ మాటే వచ్చేసింది.

"మా ఊరి మంత్రసాని. ఇప్పుడు చింతామణిలో కూతురింట్లో ఉండాది. కండ్లు పోయినాయి." కలం పక్కన పెట్టాడు. "ఈ ఊర్లో రెండేండ్లలో పుట్టిన బిడ్డలంతా ఆమె బిడ్డలే. కొనుక్కునింది."

అప్పుడు చెప్పాడు. జ్వరాల్లో పిల్లలు పోయాక, మళ్ళీ కాన్పులు వచ్చినప్పుడు తల్లులకు గుండె నిలవలేదు. ఓబులమ్మ ఏడుగురిని కని ఏడుగురినీ దక్కించుకున్న చేయి. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంట మీద ఉంచితే, ఆమె పిడికెడు తవుడు ఇచ్చి కొనుక్కునేది. ఆ పైన ఆ బిడ్డ ఆమెదే. తల్లి పాలిస్తుంది, పెంచుతుంది గానీ నా బిడ్డ అనదు, పేరు పెట్టదు. పుట్టువెంట్రుకలు తీసిన రోజున ఓబులమ్మకు చీర పెట్టి బిడ్డను తిరిగి తీసుకుంటారు. అంతవరకూ చావు వచ్చి తలుపు తడితే, ఈ ఇంట్లో బిడ్డ లేదని తల్లి చెప్పాలి. అది అబద్ధమై ఉండకూడదు.

పెంటయ్యలు, తవిటమ్మలు మా వైపూ ఉన్నారు. కానీ ఒక ఊరంతా బిడ్డల్ని అమ్ముకోవడం నేను వినలేదు.

"నేను ఇల్లిల్లూ తిరిగినా అప్పా" అన్నాడు పంతులు. "అడిగినా. లేరన్నారు. కడాకు నా ఇంట్లో నా పెండ్లాన్నే అడిగినా. లేరనింది. నేనేమని రాసేది?"

"మరి ఇండ్లకు పోలేదని ఎందుకన్నావు? ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు. మాకు ముగ్గురు పోయినారప్పా. ఉద్యోగం పోతే ఇంగోటి చూసుకుంటా."

నేను పీట మీద కూలబడ్డాను. నాకూ, నా భార్య సుభద్రకూ ఇద్దరు పోయారు. ఒకడు మూడు నెలలకు, ఒకతె పదకొండు రోజులకు. మా ఇంటికి వచ్చిన పంతులు గారు చీటీ రాస్తూ "కన్నది ఎందరు, మిగిలింది ఎందరు" అని అడిగితే సుభద్ర లోపలికి పోయింది. నేనే జవాబు చెప్పాను, ఇద్దరు, సున్నా అని. ఆ సున్నాను మా ఆఫీసులో ఎవరో ఒక గూట్లో వేసి ఉంటారు. అప్పటినుంచి నేను పరాయి పిల్లల్ని ఎత్తుకోను.

ఆ తలపులోంచి ఇంకో తలపు వచ్చింది. ఓబులమ్మ. చింతామణి. పదకొండు చీటీలు. ఎర్ర పెన్సిలు.

"ఈ ఊళ్ళో అలాంటి పిల్లలు ఎందరు?" అన్నాను. సుబ్బక్క బిడ్డను కొంగుతో కప్పేసింది. లెక్క పెట్టరు కదా.

సగం రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చింపలేదు. అంత మంచివాణ్ణి ఇంకా కాలేదు. ఎద్దులు తిరిగి వచ్చాయి.

దిబ్బూరహళ్ళి: పట్టుపురుగుల ఇల్లు

శిడ్లఘట్ట పోయి రైలు పట్టుకుంటే చింతామణి. కానీ దిబ్బూరహళ్ళి దగ్గర బస్సు టైరు పేలింది. రెండు గంటలు పడుతుందన్నారు. ఒక రైతు ఇంటి నీడన కూర్చున్నాను. ఆడవాళ్ళు రేషాకు, అంటే మల్బరీ ఆకు తట్టలు మోసుకుపోతున్నారు. పట్టుపురుగులు మేసే చప్పుడు గోడ అవతల వాన పడుతున్నట్టు వినిపిస్తోంది. చూద్దామని తలుపు దాకా పోతే రైతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొత్తోళ్ళు చూడగూడదప్పా. దిష్టి తగిలితే తట్ట తట్టంతా పోతాది."

ఇంకో రోజైతే పురుగులకు కూడా దిష్టా అని ఎగతాళి చేసేవాణ్ణే. ఆ రోజు తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాను. జ్వరంతో మూలిగిన బిడ్డే కళ్ళ ముందు ఉంది. ఆ బిడ్డ చీటీని నేను కొట్టేశానా? కొట్టేస్తే ఏమవుతుంది, కాగితమే కదా? కాగితమే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా బస్సు బాగయ్యే దాకా ఒక చోట కుదురుగా నిలబడలేకపోయాను.

చింతామణి: ఓబులమ్మ

చింతామణి సంతలో అప్పుడే మామిడికాయలు దిగాయి. అణా పెడితే మనిషి మోయలేనన్ని. ఓబులమ్మ కూతురి ఇల్లు సంత వెనక సందులో ఉంది. కళ్ళ మీద తెల్లటి పొరలు, నోటినిండా ఆకు, నడుమున చిన్న సంచి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వేళ్ళు చూసి చేస్తున్నట్టే పనిచేస్తున్నాయి.

ఖానేసుమారి ఆఫీసునుంచి వచ్చానని చెప్పాను. "అవ్వా, లెక్క రాయడానికి వచ్చినాయనతో నీకు పదకొండు మంది చంటిపిల్లలని చెప్పావా?"

"చెప్పినా. ఉండారు గదా."

"వాళ్ళు నీ దగ్గర లేరు కదా."

"పాలు తాగే బిడ్డలు పాలున్న కాడ ఉంటారప్పా. నా కాడ యాడుండాయి పాలు? అయినా కొన్నదాన్ని నేను. కొన్నదాన్ని కొనలేదంటే అమ్మవారు ఒప్పుకుంటాదా?"

"పిల్లల్ని లెక్క పెడితే కీడని మీ ఊరు భయపడుతోంది. నీకు భయం లేదా?"

"వాళ్ళు కన్నోళ్ళు. వాళ్ళకు భయం. నా చేతికి కీడు తగల్దు." సంచిలోంచి వక్క తీసి నోట్లో వేసుకుని, అడక్కుండానే వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. "లాభం, మా ఊరి బడి మేష్ట్రు బిడ్డ, పుట్టినప్పుడే బొటనవేలు నోట్లో పెట్టుకునింది. రెండు, మూడో ఇంటి గంగులమ్మ కాడ ఉండేది, చెవి కింద మచ్చ..." పదకొండు మందినీ చెప్పింది. ఎవరు అడ్డం తిరిగారు, ఎవరు ఆలస్యంగా ఏడ్చారు, అన్నీ చెప్పింది. ఇంతకాలం చీటీలు పంచిన నాకు ఇంత శుభ్రమైన లెక్క ఎక్కడా కనిపించలేదు.

చెప్పకుండా వచ్చేయవచ్చు. ఆ కళ్ళకు నా ముఖం కనిపించదు కూడా. కానీ చెప్పాను. "అవ్వా, ఆ చీటీలు తప్పనుకుని నేను కొట్టేశాను."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"అందరివా?"

"అందరివీ."

"దేనితో?"

"ఎర్ర పెన్సిలుతో."

చింతపండు తట్ట పక్కకు జరిపింది. "మేష్ట్రు బిడ్డ ఎట్లుండాది?"

"జ్వరంగా ఉంది."

"పో" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడే పో. పోయి మళ్ళా రాయి. రాసేదాకా నోట్లో మెతుకు పెట్టొద్దు."

కూతురు నా కోసం తెచ్చిన మామిడి ముక్కల పళ్ళెం అలాగే ఉంది. నేను స్టేషనుకు పరుగెత్తాను.

తిరుగు ప్రయాణం

ఆ బొమ్మ రైలును పోయేటప్పుడు ఎగతాళి చేశాను. వచ్చేటప్పుడు దానికి దండం పెట్టి బతిమాలాను. చిక్కబళ్ళాపురంలో శెట్టిగారు ప్లాట్‌ఫారం మీద కనబడి భోజనానికి రమ్మన్నారు. వద్దన్నాను. లెక్కల ఆఫీసులో పనిచేసేవాణ్ణి, ఇంగ్లీషు చదివినవాణ్ణి, ఒక గుడ్డి అవ్వ చెప్పిందని ఒక రోజంతా పస్తున్నాను. సిగ్గుపడలేదు. భయపడ్డాను.

ఆఫీసు తెరిచేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. చెత్త చీటీల బుట్టలో పదకొండూ దొరికాయి. రబ్బరుతో రుద్దితే ఎరుపు ఇంకా పాకింది. కొత్త చీటీలు తీసి ఒక్కొక్కటే మళ్ళీ రాశాను. మొదటిది రాసేటప్పుడు లోపల లాభమనుకున్నాను. ఆ పైనే క్యాంటీనుకు పోయి అన్నం తిన్నాను.

సూపరింటెండెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. పంతులు ఇల్లిల్లూ తిరిగాడని, జనం చెప్పిందే రాశాడని, ఆ పిల్లలు చింతామణిలో లెక్కకు వచ్చారని, వాళ్ళను కొట్టేసింది నేనని. ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఆ పిల్లల్ని వాళ్ళ ఊళ్ళోకి మార్చు, పంతులు మీద రిపోర్టు రాయి" అన్నారు.

"మారిస్తే తల్లుల పేర రాయాలండి. ఒప్పుకోరు. రెండు తాలూకాలూ కోలారు జిల్లావే కదా. పిల్లలు చింతామణిలో ఉన్నా, బాగేపల్లిలో ఉన్నా జిల్లా మొత్తం మారదు."

ఆయనకు కావలసింది జిల్లా మొత్తమే. చాలాసేపు ఫైలు తిరగేసి, పంతులు కాగితం అడిగారు. జేబులోని సగం కాగితం ఇచ్చాను. దాన్ని చింపి బుట్టలో వేశారు. పర్మనెంటు జాబితాలోంచి నా పేరు కూడా అదే చేత్తో తీసేశారు. బాధపడలేదంటే అబద్ధం. ఇంటికి పోయి సుభద్రకు చెబుతూ మొదట ఉద్యోగం గురించి ఏడ్చాను, తరవాత ఆ ఇద్దరి గురించి ఏడ్చాను. వాళ్ళ గురించి మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదలు.

పది రోజులకు పంతులు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. బడి నడుస్తోందని, వానలు పడ్డాయని రాశాడు. చివర ఒక వాక్యం: "ఓబులమ్మ బిడ్డలంతా క్షేమము." ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆ తరవాత రెండేళ్ళకు యుద్ధం ముదిరి, రేషను కార్డులు వచ్చాయి. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని రాసుకునే గుమాస్తా ఒకడు మా వాకిట్లోకి వచ్చాడు. కుర్రవాడు, కొత్త ఉద్యోగం, చేతిలో జాబితా. వాడి కలం పట్టుకునే తీరు చూస్తే నన్ను నేనే చూసుకున్నట్టుంది.

"ఇంట్లో ఎందరండీ?"

"ఇద్దరం."

"పిల్లలు?"

"లేరు."

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. సుభద్ర ఉయ్యాల తాడు వదిలేసి గోడవైపు తిరిగి నిలబడింది. క్రితం నెలే మేమిద్దరం చింతామణి ఓబులమ్మ దగ్గరికి పోయి వచ్చాం, చేటతో. నా పెట్టెలో పిడికెడు తవుడు మూట ఉంది.

"మరి ఆ ఉయ్యాల?" అన్నాడు గుమాస్తా.

"గాలికి ఊగుతోంది బాబూ" అన్నాను.